బానెట్ కింద గరగర

పొద్దున్నే స్టార్ట్ చేయగానే మా చిన్న కారు ఒక చప్పుడు చేసేది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గరగరమనేది. ఏమిటా అని చెవి పెట్టేలోపే ఆగిపోయేది. ఆ తర్వాత రోజంతా బుద్ధిగా నడిచేది. ఒక్క పొద్దుటి పూటే ఎందుకు? ఇంజన్ వేడెక్కితే ఎక్కడికి పోతోంది? ఏదైనా అంతుబట్టకపోతే నాకు అన్నం సహించదు. ఇల్లు ఊడుస్తున్నా, కూర తాలింపు వేస్తున్నా అదే ధ్యాస.

నేను నందిగామలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. ఉండేది వత్సవాయి దగ్గర అత్తగారి ఊళ్ళో. పరగడుపున వచ్చే షుగరు పేషెంట్ల కోసం పొద్దున్నే అక్కడ ఉండాలి. బస్సయితే జగ్గయ్యపేటలో దిగి ఇంకోటి ఎక్కాలి, ఆ వేళకి అది అయ్యే పని కాదు. కారుంటేనే నా ఉద్యోగం ఉన్నట్టు. ఇంటి కోడలు హైవే మీద ఒక్కతే బండి నడపడం మా మావగారికి మొదటి నుంచీ మింగుడుపడలేదు. పైకి అనేవారు కాదు గానీ, నేను తాళాలు తీసుకుంటుంటే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఆయన బతుకంతా ట్రాక్టరు మీదే గడిచింది. ఇంజన్ల విషయంలో ఊళ్ళో ఆయన మాటే మాట. అందుకే ముందు ఆయనకే చెప్పాను. బానెట్ ఎత్తి, నన్ను స్టార్ట్ చేయమన్నారు. గరగర. గేటు దగ్గరున్న కుక్క కూడా తలెత్తి చూసింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపారు.

"ఏ చప్పుడూ లేదమ్మాయ్. నీకు బండంటే భయం. భయపడేవాళ్ళకి అన్నీ వినపడతయ్."

ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్ని అడిగితే "నాన్నకి తెలియని ఇంజనా?" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆ మనిషి నిద్రలేచే వేళకి నేను ల్యాబ్‌లో సూదులు పట్టుకుని ఉంటాను. ఆ చప్పుడు అతను ఏనాడూ విన్న పాపాన పోలేదు.

గరగర మాత్రం రోజురోజుకీ సాగుతూ వచ్చింది. మొదట్లో వాకిట్లోనే ఆగిపోయేది కాస్తా, ఇప్పుడు వీధి మలుపు దాకా నాతోపాటు రావడం మొదలుపెట్టింది. ఒకరోజు చిల్లకల్లు దాటాక కారు వణికింది, ఎదురుగా డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది, బానెట్ కింద చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. నాకెందుకో ఇక ఒక్క అడుగు కూడా ముందుకు పోకూడదనిపించింది. పక్కకి తీసి ఆపేశాను. ఇంకో బండికి తాడుతో కట్టించి, నందిగామలో మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకి చేర్చాను.

ఇంట్లో ఆ సాయంత్రం మావగారు తీర్పు చెప్పేశారు. "క్లచ్ మీద కాలేసి నడిపితే ఏ బండైనా ఇంతే. బాగుచేయించి అమ్మేద్దాం. ఉద్యోగం మానేస్తే కొంపేం మునగదు." నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వినాలని మెకానిక్ పొద్దున్నే రమ్మన్నాడు. బేరం సంగతి కూడా మాట్లాడొచ్చని మావగారూ బయల్దేరారు. మెకానిక్ ముందు ఆయిల్ కొలిచే పుల్ల లాగి, దానికంటిన ఆయిల్‌ని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఇది కారు ఆయిల్ కాదండి. ఇంత చిక్కగా ఉందేంటి? ఎవరు పోశారు?"

"నేనే పోశా," అన్నారు మావగారు. "ఆదివారం ఆదివారం చూసి, తగ్గితే పోస్తా. మంచి ట్రాక్టరు ఆయిలే."

మా ఇళ్ళల్లో అంతే. వసారాలో ట్రాక్టరు ఆయిల్ డబ్బా ఉంటుంది. మోటారుకీ, గేటు బందులకీ, మోపెడ్ చైనుకీ అందులోదే. అది ఉండగా ఇంకో ఆయిల్ కొనడం దండగ. నా మీద ఎంత గుర్రుగా ఉన్నా నా కారు మీద ఆయనకి ప్రేమే, అదీ ఆ డబ్బాలోంచే.

మెకానిక్ విడమరిచి చెప్పాడు. ఇంజన్ లోపల కూడా సైకిలుకున్నట్టు ఒక చైను ఉంటుంది. పైనున్న వాల్వులూ కిందున్న పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకోకుండా వాటి వరసను అదే నడిపిస్తుంది. అది వదులవకుండా ఒక చిన్న ముక్క ఆయిల్ ఒత్తిడితో బిగించి పట్టుకుంటుంది. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఆ ముక్క దాకా తొందరగా పోదు. పోయేదాకా చైను కొట్టుకుంటూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది. నా ప్రశ్నకి జవాబు దొరికిన సంతోషంలో ఉద్యోగం సంగతి కూడా ఒక నిమిషం మర్చిపోయాను.

"మేడం ఆపబట్టి సరిపోయిందండి. ఇంకాస్త దూరం పోయుంటే ఇంజన్ మొత్తం పోయేది."

మావగారు ఒప్పుకోలేదు. "చైను కొట్టుకుంటే చప్పుడు రావాలిగా? నేను దగ్గరుండి విన్నా. లేదు."

మెకానిక్ ఆయన వైపు ఒక క్షణం చూశాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని కొన చైను మూత మీద ఆనించి, పిడి ఆయన చెవి దగ్గర ఎముకకి ఆనించాడు. నన్ను స్టార్ట్ చేసి వెంటనే ఆపేయమన్నాడు.

నేను ఆపి బయటికి వచ్చాక కూడా ఆయన స్క్రూడ్రైవర్ వదల్లేదు. ఇంజన్ ఆగిపోయినా అలాగే వంగి ఉన్నారు.

"ఇంకోసారి," అన్నారు.

"వద్దండి, చైను జారిపోద్ది."

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "ఇది నీకు ఊరికే నిలబడినా వినపడుద్దా?"

"వినపడుద్ది మావయ్యగారూ."

"రోజూనా?"

"రోజూ."

ఆయన కాసేపు రోడ్డు మీద పోయే లారీల వైపు చూశారు. "ఈమధ్య ఇంట్లో అందరూ నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నారనుకుంటున్నా," అన్నారు.

ఆయన ముందు నెగ్గాలని ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. తీరా నెగ్గాక, ఆయన చేతిలో ఇంకా ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకుని మెకానిక్‌కి ఇచ్చాను.

"కొత్త చైను వెయ్యి బాబూ," అన్నారాయన మెకానిక్‌తో. "మంచి ఆయిల్ పొయ్యి. అమ్మాయి డ్యూటీకి పోవాల." తర్వాత నాతో అన్నారు: "బండిలో ఏ చప్పుడొచ్చినా నాకు చెప్పమ్మా. గట్టిగా చెప్పు."