చేపలు తీసుకోబడవు

పాట వినాలంటే ముందు దాన్ని తుడవాల్సిన రోజులవి. చున్నీ కొసతో సీడీని తుడిచి, కిటికీ వెలుతురుకెత్తి గీతలు చూసి నిట్టూర్చి, ప్లేయర్లో పెట్టాక కూడా పాట వస్తుందో రాదోనని కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గుండుగొలను నుంచి రోజూ బస్సెక్కి ఏలూరు వెళ్లి, ఆర్.ఆర్. పేటలో మేడమీదున్న ఒక కంప్యూటర్ ఇనిస్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నాకు తెలిసింది గుప్పెడు, తెలుసనుకున్నది గంపెడు. దానికితోడు ఎవరైనా "అది నీవల్ల కాదు" అంటే చాలు, అన్నం మానేసి మరీ ఆ పనే చేసే జబ్బొకటి ఉండేది. (ఆ జబ్బు ఇప్పటికీ తగ్గలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు. వాళ్ల మాటలు పట్టించుకోకండి.)

మా మేనత్త మా ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. కోతపండగకి తనే పాటలు కట్టి, తనే బాణీ పెట్టి, పదిమంది ఆడవాళ్లకి నేర్పి పాడించేది. ఒక ఏడాది వాళ్లంతా కలిసి తాడేపల్లిగూడెం వెళ్లి, అక్కడొక స్టూడియోలో పన్నెండు పాటలు రికార్డు చేయించుకుని సీడీలు తెచ్చుకున్నారు. మా చుట్టుపక్కల ఆ సీడీ మోగని ఇల్లు లేదు. అంత వాడకానికి రెండేళ్లు తిరక్కుండానే అన్నీ గీతలు పడి మూగబోయాయి. ఈలోగా స్టూడియో మూతపడింది, అత్తకి గొంతు ఆపరేషను అయింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ పైస్థాయి పోయింది. "ఇంక ఈ గొంతు మీ మావయ్యని కేకలెయ్యడానికే పనికొస్తుందే" అని నవ్వేది. నవ్వేదే గానీ, చర్చిలో తన పాట మొదలైతే చాలు, తలెత్తకుండా పుస్తకంలోకి చూస్తూ కూర్చునేది. ఆ పాటలన్నీ తనకి పుస్తకం అక్కర్లేకుండా వచ్చని మా అందరికీ తెలుసు.

బాగున్న సీడీ ఒక్కటైనా మిగిలిందేమోనని వెతగ్గా వెతగ్గా, చివరికి ఆకివీడు దగ్గర చేపల చెరువులు చూసుకునే మా బాబాయి దగ్గర తేలింది. తేలడమంటే నిజంగా చెరువుమీదే తేలింది. పిట్టలు చేపపిల్లల్ని ఎత్తుకుపోకుండా చెరువుకి అడ్డంగా తాళ్లు కట్టి, వాటికి పాత సీడీలు వేలాడదీస్తారు. అవి గాలికి తిరుగుతూ ఎండకి మెరుస్తుంటే పిట్టలు బెదురుతాయి. ఆ వరసలో, ఒక సినిమా సీడీకీ, ప్రింటరుతోపాటు వచ్చిన ఇంకో సీడీకీ మధ్య, అత్త పాటలు కొంగల్ని అదిలిస్తున్నాయి.

"కొత్తది కదాని కట్టానక్కా, బాగా మెరుస్తుందనీ" అన్నాడు బాబాయి తల గోక్కుంటూ.

"అంటే నా పాటకి కొంగలు పారిపోతున్నాయంటావా?"

"అయ్యో, అదేం మాటక్కా! దానికిందే రెండు కొంగలు ఎప్పుడూ నిలబడి ఉంటాయి. వింటున్నాయేమో అనుకునేవాణ్ణి."

ఆ సీడీ పట్టుకుని అత్త మా ఇనిస్టిట్యూట్‌కి వచ్చింది. డైరెక్టరు గారు చాలా మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, కంప్యూటర్లో సీడీ పెట్టి, అందులో కనిపించిన పన్నెండు ఫైళ్లనీ ఒక ఫ్లాపీలోకి లాగి అత్త చేతిలో పెట్టారు. "పన్నెండు పాటలూ ఒక్క ఫ్లాపీలో పట్టించానండి. దీన్నే కంప్రెషన్ అంటారు" అన్నారు, క్లాసంతా వినేలాగ. మ్యూజిక్ సీడీలో పైకి కనిపించేవి పాటలు కావు, ఏ పాట ఎక్కడుందో చెప్పే చీటీలు. ఆ సంగతి ఆయన చెవిలో నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు. నేను చెప్పలేదు. "అవి చిరునామాలండి. చిరునామా జేబులో పెట్టుకెళితే మనుషులు ఇంటికి రారు కదండీ" అన్నాను. క్లాసు ఘొల్లుమంది. ఆయన మొహం ఎర్రబడింది. "అయితే మీరే తియ్యండమ్మా చూద్దాం. ఇంత పాడైన సీడీలోంచి పాట తియ్యడం ఎవరివల్లా కాదు" అన్నారు. ఇంకేముంది, నా జబ్బు తిరగబెట్టింది.

అప్పట్లో చేతికి దొరికిన ప్రోగ్రాములన్నీ మూడో పాట దగ్గరికి వచ్చి చేతులెత్తేసేవి. గీత అడ్డం వస్తే కొన్ని దాటేసి పోయేవి, కొన్ని అక్కడే బిగుసుకుపోయేవి. నేను రాసినదానికి ఉన్న తెలివి ఒక్కటే: చదివిన ముక్కనే మళ్లీ మళ్లీ చదవడం, వరసగా రెండుసార్లు ఒకే జవాబు వచ్చేదాకా అక్కణ్ణించి కదలకపోవడం. మధ్యాహ్నం అన్నాల వేళ పదకొండో నంబరు మెషీను ముందు కూర్చుని, ఒక చేత్తో పెరుగన్నం, ఒక చేత్తో ప్రోగ్రాము. నాలుగు నెలలు పట్టింది. సీడీకి టూత్‌పేస్ట్ రాసి, మెత్తటి గుడ్డతో రుద్ది, మళ్లీ మళ్లీ పెట్టాను. పదకొండు పాటలు కడిగినట్టు వచ్చాయి. మూడోదాంట్లో మాత్రం ఒకచోట 'టిక్' మని చిన్న ఎక్కిలి మిగిలిపోయింది. ఎంత తిప్పలు పడినా పోలేదు. ప్రోగ్రాముకి 'మొండి' అని పేరు పెట్టాను. తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి కాబట్టి, అందులో రావలసిన మాటలన్నీ తెల్లకాగితం మీద నేనే రాసి, స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టాను. "సీడీ పెట్టండి. ఓపిక పట్టండి." నా దస్తూరీయే.

అత్త చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని పన్నెండు పాటలూ విన్నది. అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "దేవుడి పాటలు మళ్లీ తెచ్చిపెట్టిందే ఇది. దీన్ని ఎవరికీ అమ్మనని నాకు మాటివ్వు" అంది. ఇచ్చేశాను. ఆ మాట అంత బరువవుతుందని అప్పుడు తెలియదు.

మొండి ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. చర్చిలవాళ్లు వచ్చారు, ఊరి జాతరలో పాడిన బుర్రకథ సీడీ పట్టుకుని కొల్లేటి లంకలవాళ్లు వచ్చారు, చేపల లారీల డ్రైవర్లు వచ్చారు. అందరికీ ప్రోగ్రాము కాపీచేసి ఇచ్చేదాన్ని. "ఎంతండీ?" అని అడిగేవారు. "ఉచితమండి" అనేదాన్ని. అక్కడ మొదలైంది అసలు గొడవ. మా వైపు మనుషులకి ఎవరి దగ్గరైనా ఏదైనా ఊరికే పుచ్చుకుంటే ఆ పూట అన్నం సయించదు. "అలా అంటే ఎలాగండీ? బాగోదండి" అని వెళ్లిపోయి, మర్నాడు చేపతో మా ఇంటి వీధిగుమ్మం దగ్గరికి వచ్చేవారు. నేను వద్దనడం, వాళ్లు నొచ్చుకోవడం, చేప మా ఇద్దరి మధ్యా గిలగిల్లాడడం. ఒక్కటి కూడా పుచ్చుకోలేదు. చేప పుచ్చుకుంటే అది అమ్మడం కాక మరేమిటి? అత్తకి మాటిచ్చాను కదా! (అలా వాదించి వాదించి అలిసిపోయి లోపలికి వెళితే అమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టేది. ఆ రోజుల్లో మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు పులుసే. "రేటు తగ్గిందిలేవే" అనేది అమ్మ.)

ఒకరోజు లంకల నుంచి ఒక పెద్దాయన నేరుగా మా ల్యాబుకే వచ్చాడు. ల్యాబులో ఏసీ ఉండేది, చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని బోర్డు ఉండేది. ఆయన బోర్డు చదివించుకుని, ఎంతో భక్తిగా చెప్పులు విడిచి, తడి గోనెసంచితో లోపలికి వచ్చాడు. "మా నాన్న బుర్రకథ మళ్లీ విన్నానమ్మా. కాదనకూడదు" అని సంచి విప్పాడు. కొర్రమేను నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుందని అందరికీ తెలిసిందే. ఎంత చలాకీగా బతుకుతుందో ఆ రోజు మా స్టూడెంట్లకి తెలిసింది. అది ఒక్క గెంతు గెంతి టేబుళ్ల కిందికి దూరింది. ఆడపిల్లలు కుర్చీలెక్కారు, మగపిల్లలు వాళ్లకన్నా ముందే ఎక్కారు. పదకొండో నంబరు మెషీను వైర్లలో అది చుట్టుకుని ఉండగా తలుపు తీసుకుని డైరెక్టరు గారు వచ్చారు.

"ఇదేంటమ్మా?"

"చేపండి."

"అది కనబడుతోందండి. ఎందుకొచ్చిందని అడుగుతున్నాను."

పెద్దాయనే చెప్పాడు. "అమ్మాయి గారు కంప్యూటర్ సరుకు ఇచ్చారండి. దానికి బదులుగానండి."

అయిపోయింది. నన్ను గదిలోకి పిలిచి, "మన మెషీను మీద చేసినది మన సంస్థది. మీరేమో బయట చేపలకి అమ్ముకుంటున్నారు" అన్నారు. ఆయన ఆలోచన అంతకుముందే తయారుగా ఉంది. మొండిని ఇనిస్టిట్యూట్ పేరుతో డబ్బాల్లో పెట్టి అమ్ముతారట. డబ్బా మీద ఆయన ఫోటో కూడా ఉంటుందట. సోమవారం నేను కాగితం మీద సంతకం పెట్టాలి. నేను ఒక్క చేప కూడా తీసుకోలేదని ఎంత చెప్పినా ఆయన వినలేదు. కోపం నెత్తికెక్కి, ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం తీసి, పెన్ను విరిగేంత గట్టిగా రాశాను: "ఇది పూర్తిగా ఉచితం. దీనికి డబ్బులు గానీ చేపలు గానీ తీసుకోబడవు." స్కాన్ చేసి, ప్రోగ్రాము తెరవగానే కనిపించేలా పెట్టాను.

ఆదివారం ఆరాధన అయిపోగానే ఏలూరు వెళ్లి, పాత బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాను. ప్రోగ్రామూ, దాన్ని రాసిన విధానమంతా కలిపి, ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని నెట్‌లో పెట్టేస్తే ఇంక దాన్ని డబ్బాలో బంధించడం ఎవరి తరమూ కాదు. తొంభై శాతం ఎక్కాక కరెంటు పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎనభై దగ్గర లైను పోయింది. నెట్ సెంటరాయన జాలిపడి, "రేపు రండమ్మా, రేపు బాగుంటుంది" అన్నాడు. "రేపు కుదరదండి. మళ్లీ పెడతాను" అన్నాను. పాడైనచోటే మళ్లీ మళ్లీ చదవమని ఒక ప్రోగ్రాముకి నేర్పినదాన్ని, నేను లేచి వెళ్లిపోతానా? మూడోసారికి ఎక్కింది. బయటికి వచ్చి సోడా తాగాను. అంత రుచిగల సోడా మళ్లీ తాగలేదు.

సోమవారం డైరెక్టరు గారు కాగితం నా ముందుకి జరిపారు. "సంతకానికేం లేదండి, పెడతాను. కానీ అది నిన్నటినుంచి ఊరందరిదీ అయిపోయిందండి. అందరూ ఊరికే తీసుకునేదాన్ని మీ దగ్గర ఎవరు కొంటారండీ?" అన్నాను. ఆయన ఆ కాగితం వెనక్కి లాక్కున్నారు. తర్వాత రాజీనామా ఇమ్మన్నారు. "రాసే తెచ్చానండి" అని ఇచ్చాను. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, స్టూడెంట్లందరి ముందూ, "చేపలు తిని చేసినదాన్ని సేవ అనరమ్మా!" అన్నారు. నేను వెనక్కి తిరిగి, చెయ్యెత్తి, మేడ మొత్తం వినబడేలా, "ఒక్క ముల్లు కూడా మా ఇంటి గడప తొక్కలేదండి!" అన్నాను. ఆ మాట తలుచుకుని ఎన్నేళ్లు గర్వపడ్డానో చెప్పలేను.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అత్త పాటలు ఫోన్లలోకీ ఆటోల్లోకీ వెళ్లిపోయాయి. ఇప్పటి చర్చి పిల్లలు వాటిని విని నేర్చుకున్నవాళ్లే. మూడో పాట పాడుతూ, ఒకచోట అందరూ ఒక్క క్షణం ఆగి, ఎక్కిలి పెట్టినట్టు 'టిక్' అని మళ్లీ అందుకుంటారు. అది పాటలో భాగమేననుకుంటున్నారు. అత్త ఇప్పుడు పుస్తకంలోకి చూడదు. తలెత్తి కూర్చుని, ఆ ఎక్కిలి దగ్గర నాకేసి చూసి కన్ను గీటుతుంది. ఎక్కడో దూరదేశంలో ఒకాయన మొండిని తమ భాషలోకి మార్చుకుంటూ, చేపలు తీసుకోబడవంటే చట్టానికి సంబంధించిన మాటా అని ఉత్తరం రాశాడు. అవునని జవాబిచ్చాను.

పోయిన వేసవిలో అమ్మ పెరట్లో కూర్చుని చేప తోముతుంటే ఈ కథంతా మా పిల్లలకి చెబుతున్నాను. "ఒక్క ముల్లు కూడా" అన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెయ్యి ఆగింది.

"మరి అన్నాళ్లూ నువ్వు తిన్నదేంటనుకున్నావే?"

"కొన్నావు కదా. రేటు తగ్గిందన్నావు!"

"తగ్గిందనే చెప్పాను. కొన్నానని చెప్పలేదే. నువ్వు వీధిగుమ్మంలో వద్దని పంపించేసేదానివి. పాపం వాళ్లు మొహాలు చిన్నబుచ్చుకుని పెరటిగుమ్మంవైపు వచ్చేవాళ్లు. మరి కాదంటే బాగోదు కదా!" అని, చేపని తిప్పి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. "ఆ లంకల పెద్దాయన కొర్రమేను కూడా మనింటికే వచ్చింది. నువ్వే, ముల్లు లేని ముక్క కావాలని ఏరుకుని మరీ తిన్నావు."

పిల్లలు నవ్వి నవ్వి పడిపోయారు. నేను కాసేపు ఉక్రోషపడ్డాను. అంటే డైరెక్టరు గారు అన్నది నిజమే, నా ప్రతిజ్ఞే అబద్ధం. నా తిరుగుబాటు మొత్తం కొర్రమేను పులుసు బలంతో సాగిందన్నమాట! ఆయనకి క్షమాపణ చెబుదామా అని కూడా అనుకున్నాను. ఒక నిమిషంలో ఆ ఆలోచన మానుకున్నాను. ఆయన డబ్బా మీద ఫోటో వేసుకుందామనుకున్నది కూడా నిజమే కదా. నా మాట మీద నేను అప్పుడూ నిలబడ్డాను, ఇప్పుడూ నిలబడతాను.

ఆ సాయంత్రం మొండిని చాలా ఏళ్ల తర్వాత తెరిచాను. ఈ రోజుల్లో సీడీ పెట్టే చోటున్న కంప్యూటరే దొరకదు, దాన్ని వాడేవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. అయినా తెల్లకాగితం ఒకటి తీసుకుని ఒక్క వాక్యం రాసి, స్కాన్ చేసి, పాతదాని కింద అతికించి మళ్లీ నెట్‌లో పెట్టాను. ఇప్పుడు మొండిని తెరిస్తే పైన, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల దస్తూరీ అలాగే ఉంటుంది: డబ్బులు గానీ చేపలు గానీ తీసుకోబడవు. దానికింద, కాస్త గుండ్రంగా, కాస్త నింపాదిగా, నా దస్తూరీ: "మరీ బాగోదనుకుంటే పెరటిగుమ్మంవైపు రండి. అమ్మ ఉంటుంది."