కామా పిన్ని ఆమేన్

ఆమేన్ అనకుండా నిద్రపోతే ఆ ప్రార్థన ఏమవుతుంది? పైకి వెళ్తుందా, సగం దారిలో ఆగిపోతుందా, లేక పంపడం మరిచిపోయిన మెసేజ్‌లా మన దగ్గరే పడి ఉంటుందా?

నవ్వకండి. పాప పుట్టినప్పటి నుంచి నన్ను పీడిస్తున్న భయం ఇదే. నేను చదివింది రసాయనశాస్త్రం. చర్య పూర్తి కాకపోతే ఫలితం రాదని నేర్చుకున్నదాన్ని. బిడ్డ కోసం ఏళ్ల తరబడి మోకాళ్లు అరిగేలా ప్రార్థించాను. బిడ్డ పుట్టాక ఒక్క ప్రార్థనా చివరిదాకా చేరలేదు. నిద్ర రాకుండా ఉంటుందని పైకే అంటాను, "తండ్రీ, మా పాపను..." అని. అంతే, మెలకువ వచ్చేసరికి చెంప మీద దిండు గీతలు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అని దేవుడు నా గురించి అనుకుంటే?

ఈ సందేహం అడగదగ్గ మనిషి ఒక్కతే. మా కింది వాటాలో ఉండే మా అమ్మ చెల్లెలు. నలుగురు పిల్లల తల్లి, ఆఖరివాడు ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆవిడకున్న వింత అలవాటల్లా ఒకటే: రోజుకు ఒక్కసారే ఆమేన్ అంటుంది. పొద్దున పొయ్యి వెలిగిస్తూ "పరలోకమందున్న తండ్రీ" అని అందుకుంటే, రాత్రి పక్క ఎక్కేదాకా అదంతా ఒకే ప్రార్థన. మధ్యలో ఎక్కడా చుక్క ఉండదు, అన్నీ కామాలే. అందుకని బాబాయ్ ఆవిడకు 'కామా' అని పేరు పెట్టాడు. మాకు కామా పిన్ని.

పొద్దున మెట్లు దిగుతుంటే వినిపించేది ఇలా ఉంటుంది: "ప్రభువా, ఈ ఇంటిని శాంతితో నింపు, ఒరేయ్ బూట్లతో మంచమెక్కకు, వీడికి జ్ఞానం ప్రసాదించు, ఒక సాక్సు కూడా ప్రసాదించు, రెండోది దొరికింది, స్తోత్రం, నీళ్ల మోటరు ఆపనిది ఎవరే, మా శత్రువులను క్షమించు, మోటరు సంగతి నేను చూసుకుంటాను,"

ఒకసారి కొళాయి కారుతోందని ప్లంబరును పిలిపించారు. కొత్తవాడు, పిన్ని సంగతి తెలియదు. అతను సింకు కిందికి దూరాడో లేదో వెనక నుంచి పిన్ని గద్గద స్వరంతో, "నువ్వు తప్ప నాకు దిక్కెవరు" అంది.

అతను ఉలిక్కిపడి లేవబోయి నెత్తి కొట్టుకున్నాడు. "అంత మాటెందుకమ్మా, పోయింది వాషరే!"

"నిన్ను కాదు నాయనా. ఈ బిడ్డ తలకు బొప్పి కట్టకుండా కాపాడు, ఐసుముక్క తేనా,"

ఇందులో ఏ ముక్క పైకో ఏ ముక్క తనకో తేల్చుకోలేక ఆ ప్లంబరు రెండింటికీ చేతులు జోడించాడు.

బాబాయ్ కష్టం ఇంకోటి. ఆయనకు పోట్లాడే సందే దొరకదు. మంచం మీద ఆయన పడేసిన తడి తువ్వాలు చూసి పిన్ని, "ప్రభువా, ఈ అన్యాయం ఎంతకాలం," అంటుంది.

"నన్నేనా అంటున్నావు?"

"ప్రార్థనలో ఉన్నాను, మాట్లాడించకండి."

"మరి నా కాఫీ?"

"ఆకలిగొన్నవారిని జ్ఞాపకం చేసుకో తండ్రీ, ముందు తువ్వాలు ఆరేయమను,"

చర్చిలో అసలు గొడవ వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన ముగిస్తే అందరూ ఆమేన్ అంటారు, పిన్ని మాత్రం పెదవులు బిగిస్తుంది. ఒక ఆదివారం ఆయన ఉండబట్టలేక గుమ్మం దగ్గర ఆపేశారు. "ఏమ్మా, మా ప్రార్థనలో ఏమైనా లోపమా?"

"అయ్యో, లేదండి అయ్యగారూ. మీది అయిపోయింది. నాది ఇంకా కాలేదు. ఇంటికెళ్లి వంట చెయ్యాలి, గిన్నెలు కడగాలి, వీడి లెక్కలు చూడాలి, అదంతా ఇందులోదే. మీకంటే అమ్మగారు వండి పెడతారు కాబట్టి మీది తొందరగా అవుతుంది."

వెనక చెప్పులు వెతుక్కుంటున్న పాస్టరమ్మగారు గట్టిగా "ఆమేన్!" అన్నారు. ఆ ఆదివారం అంత బలంగా వినిపించిన ఆమేన్ అదొక్కటే.

నాకు మాత్రం కుతూహలం ఆగలేదు. ఏ వింతకైనా కారణం తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. (ప్రార్థనలో తప్ప.) మతిమరుపా? కాదు, పక్కింటివాళ్ల పిల్లల టీకాలు కూడా ఆవిడే గుర్తుచేస్తుంది. మొండితనమా? అదీ కొంత ఉంది గానీ చాలదు. చివరికి అడిగేశాను.

"పిన్నీ, అందరిలా అప్పటికప్పుడు ఆమేన్ అనొచ్చుగా?"

"అంటే తలుపు వేసేసినట్టే కదే. తర్వాత ఎవరైనా వస్తే?"

"ప్రార్థనలోకి ఎవరొస్తారు?"

"ప్రభువా, దీని ప్రశ్నలు నువ్వే చూసుకో, పాప తడిపినట్టుంది, గుడ్డ మార్చవే,"

అక్కడితో దాటేసింది.

పాప ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో అని నాకు ఎప్పుడూ బెంగ. అందుకని ఒక యంత్రం కొన్నాను. ఉయ్యాల దగ్గర ఒక డబ్బా, నా దగ్గర ఒక డబ్బా. అక్కడి చప్పుడు ఇక్కడ వినిపిస్తుంది. పిన్ని దాన్ని చూసి, "పిల్ల ఏడిస్తే మూడు వీధులకు వినిపిస్తుంది, దీనికి మళ్లీ రేడియో ఎందుకు" అని నవ్వింది.

ఒక రాత్రి, పాలు తాగుతూనే కళ్లు మూసిన పాపను నా ఒళ్లోంచి తీసుకుని పిన్ని గదిలోకి వెళ్లింది. నేను సోఫాలో వాలి డబ్బా గుండెల మీద పెట్టుకుని, "తండ్రీ, మా పాపను..." అన్నాను. యథాప్రకారం అక్కడితో సరి.

కాసేపటికి గుండెల మీంచి ఒక స్వరం వచ్చింది. "బిడ్డ నిద్రపోయింది, తల్లీ నిద్రపోయింది,"

నిద్రమత్తులో బిగుసుకుపోయాను. సందేహం లేదు, దేవుడే పలుకుతున్నాడు. కాకపోతే ఆయన గొంతు అచ్చం మా పిన్ని గొంతులా ఉంది.

"ఇది ఇవాళ కూడా 'మా పాపను' దగ్గరే ఆగింది, మిగతాది నీకు తెలుసు, ఎదురింటి నర్సు బస్సులో మొదలుపెట్టిందట, సీటు దొరకగానే నిద్రపోయింది, పాస్టరమ్మగారు అందరికీ వడ్డించి తనది మరిచిపోయారు, వాళ్లవీ, నాకు తెలియని తల్లులవీ, సగం సగం ఉన్నవన్నీ నా దాంట్లో కలిపేసుకో, ఇంకెవరూ రారనుకుంటా, ఆమేన్."

ఒక్క ఉదుటున గదిలోకి వెళ్లాను. "పిన్నీ! నా ప్రార్థనకు నువ్వు ఆమేన్ అంటున్నావా? రోజూనా?"

"ఆ రేడియో ఆపలేదా?" పిన్ని దొరికిపోయిన దొంగలా ముఖం పెట్టింది. "ష్, పిల్ల లేస్తుంది. మా కవలలు పుట్టినప్పుడు నాదీ నీ గతేనే. ఒకరోజు మోకాళ్ల మీద ఉండగానే ఉయ్యాలకు నుదురు ఆనించి నిద్రపోయాను. మా అత్తగారు వచ్చిన అలికిడైంది. నాతో జన్మలో ఒక మంచి మాట ఆడని మనిషి. ఇవాళ నాకు మూడిందే అనుకుని కళ్లు తెరవలేదు. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, 'ఆమేన్' అని వెళ్లిపోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది, మర్నాడు అన్నం మెత్తబడిందని తిట్టింది. కానీ ఆ ఒక్క మాట మాత్రం నాకు ఉండిపోయింది."

అప్పుడు నా భయం నోటిదాకా వచ్చేసింది. "కానీ పిన్నీ, బిడ్డ కావాలని అంతగా ఏడ్చి అడిగాను. ఇచ్చాక ఒక్కరోజూ సరిగ్గా కూర్చోలేదు. అవసరం తీరాక ముఖం చాటేసిందనుకోడూ?"

పిన్ని ఉయ్యాలలోకి చూపించింది. పాప మూతి పక్కన పాలచుక్క ఇంకా ఆరలేదు.

"ఇందాక ఇది పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయిందా?"

"పోయింది."

"కడుపు నిండాక ముఖం చాటేసిందని నీకు కోపం వచ్చిందా?"

"ఛ, పిన్నీ!"

"మరి నీకున్నపాటి బుద్ధి ఆయనకుండదా?"

నేను వంగి ఆ పాలచుక్క తుడిచాను. పిన్ని కొంగు సర్దుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి అంది: "నువ్వు మొదలుపెట్టి కామా పెట్టవే. చుక్క పెట్టడానికి మేమున్నాం."

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. పొద్దున పాప సీసా కడుగుతూ అందుకుంటాను: తండ్రీ, నీకు స్తోత్రం, ఈ సీసా మూత ఎక్కడ పడిందో చూపించు, ఎదురింటి నర్సుకు ఇవాళైనా సీటు దొరకనీ, కింద పిన్ని ఎందుకో అరుస్తోంది, ఈసారి మోటరు ఆపనిది నేనే, క్షమించు, పాప లేచింది,