అచ్చిబాబు రక్తపరీక్ష

భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసే అచ్చిబాబుకి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ కూడా చెవి చెరువు వైపే వేసి ఉంచుతాడు. భార్య పావనికి మూడో నెలని తెలిసినప్పటినుంచి ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడేస్తున్నాడు.

పావని పరాయిపిల్ల కాదు, సొంత అక్క కూతురు. ఇద్దరికీ ముడి పెట్టింది అతని తల్లి అప్పాయమ్మే. పావనికి ఆవిడ అత్తగారూ, అమ్మమ్మా కూడా.

ప్రభుత్వాసుపత్రిలో పావనికి రక్తపరీక్ష చేశాక డాక్టరు ప్రసన్నకుమారిగారు మొగుడూ పెళ్ళాలిద్దర్నీ పిలిచారు.

"అమ్మాయి రక్తంలో తలసీమియా అని, వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు లక్షణం ఉందండి. దానివల్ల ఆవిడకేం ఫర్వాలేదు. మీలోనూ ఉంటే మాత్రం బిడ్డకి జబ్బు రావచ్చు. వస్తే నెలనెలా రక్తం ఎక్కించాలి. మీరూ పరీక్ష చేయించుకోండి."

అచ్చిబాబు గయ్యిమన్నాడు. "నాకేం రోగమండీ? ఇదంతా వాళ్ళమ్మ వైపునుంచి వచ్చుంటుంది!"

వాళ్ళమ్మంటే తన తోడబుట్టిన అక్కేనని ఆ ఆవేశంలో మరిచిపోయాడు మహానుభావుడు. డాక్టరుగారు నవ్వు ఆపుకున్నారు. పావనికి ఒళ్ళు మండింది.

"ల్యాబులో పరీక్ష చేయించందే రొయ్యపిల్లని చెరువులో వదలవు కదా మావయ్యా. నీ బిడ్డ రొయ్యపిల్ల పాటి చెయ్యదా?"

అతను చొక్కా చెయ్యి మడిచాడు.

లక్షణం ఇద్దరిలోనూ ఉందని తేలింది. కాకినాడ పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ వరండాలో కూర్చోలేక, నిలబడలేక, కనబడిన ప్రతి నర్సునీ ఇంకెంతసేపని అడిగాడు. "అందరూ మీలాగే వచ్చారండి. కాస్త కూర్చోండి బాబూ," అందొకావిడ విసుక్కోకుండానే.

నాలుగో నెల నిండాక పావని కడుపులోంచి ఉమ్మనీరు తీసి, బిడ్డకి జబ్బుందేమో చూడ్డానికి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా అచ్చిబాబుకి కునుకు లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. మేత కొట్టువాడు పలకరించడానికి చేసినా తిట్టిపోసేవాడు. జబ్బుందంటే ఏం చెయ్యాలి? బిడ్డని ఉంచుకోవాలా, వద్దనుకోవాలా? ఆ మాట పైకి అనడానికి ఇద్దరికీ భయమే. అప్పాయమ్మ దేవుడి గదిలోంచి బయటికి రావడమే మానేసింది.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. బిడ్డకి జబ్బు లేదన్నారు. పావని నేలమీద చతికిలబడి భోరుమంది. అచ్చిబాబు చెప్పులతోనే ఇంట్లోకి పరిగెత్తి తల్లి ముందు నిలబడ్డాడు.

"నేను చెప్పలేదూ! లక్షణం ఉంటే ఉందిగానీ, మన వంశంలో అలాంటి జబ్బుతో పోయినవాళ్ళు ఎవరున్నారే అమ్మా?"

అప్పాయమ్మ మొహంలో సంతోషం లేదు.

"ఉన్నాడ్రా. నీకు ముందు సత్తిబాబు పుట్టాడు. రెండేళ్ళు కూడా నిండలేదు. ఒంట్లో రక్తం చుక్క లేనట్టు పాలిపోయి, నా ఒళ్ళోనే పోయాడు. దిష్టి అన్నారు, అదే అనుకున్నాను. ఆ డాక్టరమ్మ చెప్పింది పావని నోట విన్నాక తెలిసిందిరా వాడికేమైందో. మీ ఇద్దరికీ ముడి పెట్టింది నేనే కదా, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

తనకో అన్న ఉండేవాడని అచ్చిబాబుకి తెలిసింది ఆ రోజే.