అద్దంలో ఓటర్లు

ఆ వ్యాన్ డ్రైవరు కళ్ళు రోడ్డు మీద కన్నా నెత్తి మీది అద్దంలోనే ఎక్కువగా ఉంటాయి. పొద్దున శివారు కాలనీల వాళ్ళని నగరంలోని ఆఫీసులకి చేరుస్తాడు. తిరుగు ట్రిప్పులో నగరం వాళ్ళని శివారు ఫ్యాక్టరీలకి తెస్తాడు. శివారంతా ఒక పార్టీ, నగరమంతా దానికి గిట్టని పార్టీ. అందుకే వెళ్ళేటప్పుడు "రోడ్లేసింది మనవాళ్ళే కదా సార్" అంటాడు. వచ్చేటప్పుడు అదే రోడ్డు మీది గుంతలు చూపించి "మొత్తం తినేశారు సార్" అంటాడు. ఎవరైనా తల ఊపకపోతే మెడ మీద చెమట తుడుచుకుని ఎండల గురించి ఎత్తుకుంటాడు. ఏమీ మాట్లాడనివాడైతే, వాడు దిగి సందు మలుపు తిరిగేదాకా అద్దంలోంచి చూస్తాడు. వాడు కచ్చితంగా ఎవరో పంపిన మనిషే.

మొన్న ఎన్నికలయ్యాక అతని భార్య నగరంలో ఉన్న అక్కని చూద్దామని అదే వ్యాన్ వెనక సీట్లో కూర్చుంది. అక్క ఇంటికి తాళం వేసి ఉండటంతో తిరుగు ట్రిప్పులోనే వచ్చేసింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ నవ్వింది.

"వెళ్ళేటప్పుడు దేవుళ్ళన్నావు, వచ్చేటప్పుడు వాళ్ళనే దొంగలన్నావు. ఇంతకీ ఓటెవరికి వేశావయ్యా?"

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. కిటికీ మూసి గొంతు తగ్గించాడు.

"నిన్నెవరు అడగమన్నారు? మీ అక్కేనా?"

"నీ మొహం! అక్క ఇంట్లో ఉంటే కదా!"

"అదే... తాళం ఎందుకేసుకుందో."

ఇప్పుడు ఆమె ఎప్పుడు వ్యాన్ ఎక్కినా, అద్దం ఆమె వైపు తిప్పుకున్నాకే బండి తీస్తాడు. దారి పొడుగునా ఎండల గురించే మాట్లాడతాడు.