బూట్లని రాసిన పద్దు

ఎండకు మాడిన ప్లాస్టిక్ గడ్డి వాసన తగిలితే చాలు, నాకు కాలు ఒకచోట నిలవదు. మొన్న ఇక్కడ కువైట్‌లో, సాల్మియాలో మా అమ్మాయిని ఫుట్‌బాల్ నేర్పే చోట దింపి, ఆట చూడకుండా కారు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. ఓబులేసన్న గుర్తొచ్చాడు. రాజంపేట మనిషి, రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. రిగ్గైలో మా వైపు వాళ్లందరినీ పోగేసి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టింది ఆయనే. వంటవాళ్లు, తాపీ మేస్త్రీలు తలా కొంత వాటా వేశారు. వాళ్లకు ఫుట్‌బాల్ మీద ఏం నమ్మకం! నమ్మింది ఓబులేసన్నని. ఏళ్ల తరబడి ఆయన నడిపిన చీటీలో ఒక్కరి సొమ్మూ మునగలేదు. డిగ్రీ చదివానని లెక్కల పుస్తకం నాకిచ్చాడు.

తప్పు జరిగింది కూడా ఆ చీటీ అలవాటు వల్లే. చీటీలో ఎవరికైనా ఆపద వస్తే వంతు కాకపోయినా ముందు వాళ్లకే ఇస్తారు. మా గోల్‌కీపరు తల్లికి ఆపరేషన్ అనగానే అన్న క్లబ్బు సొమ్ము తీసి ఇచ్చేశాడు. ఆటగాడి చేతికి డబ్బివ్వకూడదని మేం ఆడే లీగు నిబంధన. అది ఆయనకు తెలియదు, నాకు తెలుసు. నోరు మూసుకుని పుస్తకంలో ‘బూట్లు’ అని రాసేశాను. తెలివనుకున్నాను, నా మొహం!

బూట్లకు రసీదు లేదని లీగు వాళ్లు విచారణ మొదలుపెట్టారు. వాటాదారుల ఫోన్ల మీద ఫోన్లు. అందరూ వాటాలు వెనక్కి తీసుకుంటే క్లబ్బు ఆ వారమే మూత. శుక్రవారం అన్న అందరినీ మేం ఆడే ప్లాస్టిక్ గడ్డి మైదానానికి పిలిచాడు.

“ఏం ఓబులేసూ, మా దుడ్లు ఉండాయా, ఖలాసేనా?” అని వంటమనిషి రమణమ్మ నిలదీసింది.

“ఉండాయమ్మా. బూట్లని రాసిండేది మాత్రం అబద్ధం. ఆ దుడ్లు గోల్‌కీపరు తల్లికి ఇచ్చినా.”

“రాసిందెవరు?”

నేను లెక్కల పుస్తకాన్ని చంకలోకి లాక్కున్నాను. అన్న నా వైపు చూడనైనా లేదు.

“ఎవరు రాస్తే ఏముండాది? చీటీ పెట్టినోడిదే పూచీ. ఇదీ అంతే. కావాల్సినోళ్లు ఈ పొద్దే తీసుకోండి.”

“నిజం చెప్పినావు. నాది ఉండనీలే” అంది రమణమ్మ. ముగ్గురు తప్ప అందరూ ఉంచేశారు. క్లబ్బు నిలిచింది. లీగు మాత్రం అన్నను క్లబ్బు పనుల్లో వేలు పెట్టొద్దంది. ఆ తర్వాత శుక్రవారాలు ఆయన గీత అవతల నిలబడి ఆట చూస్తుంటే నేను అటు చూడలేక మైదానం చుట్టూ తిరిగేవాణ్ణి.

ఉండబట్టలేక ఒకరోజు, “నేనే రాసినానని చెప్పేస్తానన్నా” అన్నాను.

“చెప్పు అబ్బీ. వద్దన్నానా?” అన్నాడు, చిన్నగా నవ్వి.

మరుసటి ఏడే ఆయన పూర్తిగా ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు నేనో కంపెనీలో లెక్కలు తనిఖీ చేస్తాను. నా సంతకం పడితే చాలంటారు. రమణమ్మ ఎక్కడ కనిపించినా అదే మాట: “ఎంత మంచి మనిషప్పా ఓబులేసు! ఆ ఒక్క అబద్ధం రాయకుండా ఉండాల్సింది.”

అవునని ప్రతిసారీ తల ఊపుతాను.