సముద్రం ఒడ్డున నిద్ర

నా భార్య పోయిన మూడో నెలలో, కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో కూర్చుని, మేమిద్దరం అనుకున్న విశాఖపట్నం ప్రయాణం మానుకోవాలా అని ఆలోచిస్తున్నాను. మూడు రోజుల సెలవుల్లో చూడాలని ఆమె రాసిపెట్టిన పదకొండు చోట్ల పేర్లు నా చేతిలో ఉన్నాయి.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే పెద్దమనిషి ఒకాయన పక్కసీట్లోంచి ఆ కాగితం చూశాడు.

"గిన్ని జాగలా సారూ? నేనైతే గాడికి పోయి దినమంత ఒడ్డుమీద పండుకున్న."

"గంత దూరం పోయి పండుకున్నరా?"

"మా ఆమె గూడ గట్లనే తిట్టింది. ఏంజేద్దు? మాకు మగ్గాల సప్పుడుంటెనే నిద్ర. కరెంటు పోతే ఇంటిల్లిపాది లేస్తం. లాడ్జిల సప్పుడు లేక కన్ను మూతవడలే. సముద్రం గట్ల గాదు, ఆగనే ఆగదు."

ఇంట్లో ఆమె అలికిడి లేక నాకూ నిద్ర పట్టడం లేదని చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన ఓదార్చలేదు.

"దుప్పట్లు రెండు పట్కపో సారూ. కిందికొకటి, మీదికొకటి."

ఆ సాయంత్రం రెండు రైలు టికెట్లలో ఒక్కదాన్నే రద్దు చేశాను.