అలుగు తెచ్చిన ఏడు

ఎండుటాకులు ఎవరు ఎక్కడ కాల్చినా నాకు కాలు నిలవదు. మొన్న శ్రీకాకుళంలో పక్కింటివాళ్లు పెరట్లో చెత్తకు నిప్పు పెడితే, పొయ్యి మీద కూర వదిలేసి మేడెక్కి, అక్కణ్ణుంచి కనబడని కొండల కోసం చూస్తూ నిలబడ్డాను. కూర మాడిపోయింది, మా ఆయన విసుక్కున్నాడు. చైత్రం వచ్చిందంటే నేనింతే, బొబ్బిలి బస్సెక్కేదాకా ఒకచోట కూర్చోలేను.

బొబ్బిలి దాటాక కొండ మొదట్లో మా అమ్మమ్మ ఊరు. చైత్రంలో కొండ మీద ఎండుటాకులు కాలే పొగ, ఇప్పపూల మత్తు, రాగులతో కాచిన చోడంబలి పులుపు, చైత్ర పండగ పూజయ్యేదాకా కొరకకూడదని అమ్మమ్మ అటక మీద దాచిన కొత్త మామిడికాయల జీడివాసన, అన్నీ కలిసి పిల్లల్ని కుదురుగా ఉండనిచ్చేవి కావు. ఆ పండగకి మగాళ్లంతా కొండ మీది ఊళ్లవాళ్లతో కలిసి వేటకి పోయేవారు. కొండగొర్రో, కుందేలో తెచ్చినవాడికి డప్పులు. ఉత్త చేతులతో దిగినవాడికి ఊరి మొదట్లో కాచుకుని ఆడవాళ్లు పోసే పేడనీళ్లు. పొరపాటున తడిపినా సరే, తడిసినవాడు ఏమీ తేనట్టే లెక్క. వాడి వేట ఊళ్లో చెల్లదు, తిరిగి అడవికే పోవాలి.

ఆ ఏడు మా మావకి కొత్తగా పెళ్లయింది. పొద్దు వాలుతున్నకొద్దీ ఆడవాళ్లు అత్తని ఆట పట్టించారు, మొగుణ్ణి రుద్దడానికి సున్నిపిండి సిద్ధం చేసుకోమని. అత్త నవ్వుతూనే కొంగు వేలికి చుట్టి విప్పుతోంది. నేను అరుగు దిగి, మళ్లీ ఎక్కి, దారి మొదటికి పరిగెత్తి, తిరిగొచ్చి, అమ్మమ్మ చేత తిట్లు తిన్నాను. మావ తడిస్తే నా పరువే పోతుందన్నంత గాభరా నాకు.

మావ అందరికంటే ఆఖర్న దిగాడు, గోనెసంచితో. సంచి చూసి ఆడవాళ్లు పేడనీళ్ల బకెట్లు కింద పెట్టేశారు. సంచి విప్పితే అలుగు, ఒళ్లంతా పెంకులతో బంతిలా చుట్టుకుపోయి ఉంది. అది పరిగెత్తలేదు, కరవదు, భయమేస్తే చుట్టుకుంటుంది, అంతే. ఇంకేదీ దొరకనివాళ్లకి దొరికేది అదే. పిల్లల మొలతాడుకి కట్టడానికి పెంకు నాకంటే నాకని చేతులు చాచారు. అమ్మమ్మ వంగి చూసింది. చుట్ట సందులోంచి లేత తోక ఒకటి కనిపిస్తోంది. లోపల దాని పిల్ల ఉందని అమ్మమ్మ చెప్పినా చాచిన చేతులు వెనక్కి పోలేదు. మావ కత్తి తీశాడు.

అత్త ఎప్పుడు లేచిందో ఏమో, బకెట్ ఎత్తి మావ నెత్తి మీద కుమ్మరించేసింది.

"ఈడు ఏటీ తేలేదు," అంది. "అందరూ సూసారు కదా, తడిసిపోనాడు."

ఊరు నోరు వెళ్లబెట్టింది. ఆచారం ఆచారమే మరి, ఎవరేమనగలరు? ముందు అమ్మమ్మ నవ్వింది, తర్వాత అందరూ. మావ మాత్రం నవ్వలేదు. పేడ కారుతూ, పళ్లు కొరుకుతూ, సంచి భుజాన వేసుకుని వచ్చిన దారినే నడిచాడు, వెనకాలే నేను. కొండ వాలులో నల్లరాళ్ల సందులో దాన్ని దించాడు. అది విచ్చుకోవడం చూడాలని ఎంతసేపు కూర్చున్నా కదల్లేదు. చీకటి పడుతోందని మావ నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాడు. చాన్నాళ్లు అత్తతో మాట్లాడలేదు.

ఇప్పటికీ ఆ పండగ చేస్తారు. వేటకి ఎవరూ పోరు. చట్టం సంగతి సరే, పోయినా ఏముందని? వాలంతా జీడితోటలు, నీలగిరి చెట్లు. కొండగొర్రె కూత విన్న పిల్లలే లేరు. పేడనీళ్ల బదులు రంగునీళ్లు పోసుకుని మైకులో పాటలు పెడతారు. ఈ ఏడు వెళ్లి చూస్తే నల్లరాళ్లున్న చోట పెద్ద గొయ్యి, దాని అంచున జేసీబీ. ఒళ్లు మండిపోయింది. ఎవర్ని తిట్టాలో తెలీక ఇంటికొచ్చాను.

అత్తకి ఇప్పుడు చూపు ఆనదు. మావ పోయాక గడప దాటడమే తక్కువ. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆ రాళ్లల్లో అలుగులుంటాయేటే ఇంకా?"

"ఉంటాయత్తా," అన్నాను.

అత్త నా చెయ్యి వదిలేసింది.

"అబద్దాలు సెప్పకే. రోజూ లారీల మోత ఇంటన్నాను. ఆ రాళ్లే ఎల్లిపోతన్నాయి."